1600 మీటర్ల పరుగు: తిండి సమస్యలు, పరిష్కారాలు

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళు ముందుగా అడిగేది ఏ పౌడర్ తాగాలనే. డబ్బా కొనేముందు, ఏ పూట ఏం తింటున్నారో ఒకసారి చూసుకోండి.

సమస్య: తెల్లారి రెండు రౌండ్లు కొట్టగానే కళ్ళు తిరుగుతాయి, చేతులు వణుకుతాయి.
కారణం: రాత్రి ఎనిమిదింటికి తిన్నదే ఆఖరు. కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ (ఒంటికి శక్తినిచ్చే చక్కెర నిల్వ) పొద్దుటికి బాగా తగ్గిపోతుంది. సన్నబడదామని రాత్రి అన్నం కూడా మానేస్తే ఇంకా కష్టం.
పరిష్కారం: పరుగుకి అరగంట ముందు ఒక అరటిపండో, మూడు ఖర్జూరాలో తిని గ్లాసు నీళ్ళు తాగండి. రాత్రి అన్నం మానకండి. గ్రౌండ్ నుంచి వచ్చాక గంటలోపు టిఫిన్ చేయండి. ఇడ్లీతో పాటు రెండు గుడ్లుంటే మంచిది. ఇంత చేసినా కళ్ళు తిరుగుతుంటే డాక్టరుకి చూపించుకోవాలి.

సమస్య: పరిగెడుతుంటే డొక్కలో పట్టేస్తుంది.
కారణం: చాలాసార్లు, బయల్దేరే ముందు గటగటా తాగిన పాలో, నీళ్ళో.
పరిష్కారం: కడుపు నిండా తినాలంటే రెండు మూడు గంటల ముందే. పట్టేసినప్పుడు వేగం తగ్గించి, అక్కడ చేత్తో నొక్కుతూ నిదానంగా ఊపిరి వదలండి.

సమస్య: మూడో రౌండ్‌లో కాళ్ళు బరువెక్కుతాయి.
ఇందులో తిండి తప్పు తక్కువ. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్ళకి 1600 మీటర్లకి గడువు 7 నిమిషాల 15 సెకన్లు, అంటే 400 మీటర్ల రౌండ్‌కి సుమారు 1 నిమిషం 48 సెకన్లు. మొదటి రౌండే నిమిషంన్నరలో లాగేస్తే, ఏ డ్రింకూ కాపాడదు.

సమస్య: రెండు రోజులైనా ఒళ్ళు నొప్పులు తగ్గవు.
కారణం: నిద్ర చాలకపోవడం, లేదా పళ్ళెం నిండా అన్నమే ఉండి పప్పు నీళ్ళలా ఉండటం.
పరిష్కారం: 60 కిలోల మనిషికి రోజుకి 85 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటే బాగుంటుంది. గుడ్డులో 6 గ్రాములు, గుప్పెడు పల్లీల్లో 7 గ్రాముల దాకా వస్తాయి. గట్టి పప్పు, పెరుగు, సెనగలు, చికెన్‌తో మిగతాది పూర్తవుతుంది. హాస్టల్ మెస్‌లో గుడ్డు అదనంగా అడగడానికి మొహమాటపడకండి.

సమస్య: రోజూ ప్రాక్టీసు చేస్తున్నా ఆయాసం పెరుగుతోంది (ముఖ్యంగా అమ్మాయిల్లో).
కారణం: రక్తహీనత కావచ్చు. అమ్మాయిల్లో హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే అదే.
పరిష్కారం: హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) పరీక్షలు చేయించుకోండి. ఐరన్ మాత్రలు డాక్టరు చెప్పాకే వాడాలి. గోంగూర, తోటకూర తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి. భోజనం కాగానే టీ తాగే అలవాటుంటే గంట ఆగి తాగండి, అది ఐరన్‌ని ఒంటపట్టనివ్వదు.