నురుగు మోడల్‌లో ప్రెషర్ కలవట్లేదా? ముందు నీటి లెక్క చూడండి

తిరుపతిలో చమురు బావుల్లేవు గానీ, చమురు రికవరీ మీద, అంటే సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి రసాయనం) కలిపిన నీళ్లు, గ్యాస్ పంపి రాయిలో నురుగు పుట్టించి చమురును తోసే పద్ధతి మీద, సిమ్యులేషన్ ప్రాజెక్టు చేసే పిల్లలకు కొదవ లేదు. వాళ్ల దగ్గర్నుంచి ఎక్కువగా వినేది ఒకటే: "అన్నా, ఎఫ్‌ఎంమాబ్ ఎంత పెంచినా ప్రెషర్ కలవడంల్యా." కలవడం అంటే మోడల్ ప్రెషర్ ల్యాబ్ కొలతతో సరిపోవడం. ఎఫ్‌ఎంమాబ్‌ను వదిలెయ్యమనే చెప్తా. స్టార్స్ (సీఎంజీ కంపెనీ సిమ్యులేటర్) తరహా మోడల్‌లో ఎఫ్‌ఎంమాబ్ అంటే నిండు బలంతో ఉన్న నురుగు గ్యాస్‌ను ఎన్ని రెట్లు అడ్డుకుంటుందో చెప్పే అంకె. ఏ నీటి శాచురేషన్ (రాతి రంధ్రాల్లో నీటి వాటా) దగ్గర నురుగు ఎండి చెదిరిపోతుందో ఎఫ్‌ఎండ్రై చెప్తుంది, ఆ చెదరడం ఎంత నిటారుగా జరుగుతుందో ఈపీడ్రై చెప్తుంది. తేడా ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే ఉంటుంది.

సమస్య: గ్యాస్ వాటా తక్కువున్నప్పుడు ప్రెషర్ కలుస్తుంది, 90 శాతం దగ్గర తప్పుతుంది

కారణం ఎఫ్‌ఎండ్రై. పంపే ప్రవాహంలో గ్యాస్ వాటా బాగా పెరిగాక నురుగు తన కేపిలరీ ప్రెషర్ హద్దును (గ్యాస్, నీటి పీడనాల తేడాలో నురుగు పొరలు తట్టుకోగల హద్దు) తాకుతుంది. అక్కణ్ణుంచి నీటి శాచురేషన్ దాదాపు కదలదు, ప్రెషర్‌ను నీటి ప్రవాహమే నిర్ణయిస్తుంది. అక్కడ ఎఫ్‌ఎంమాబ్‌ను రెండింతలు చేసినా ప్రెషర్ గీత కదలదు.

పరిష్కారం చేత్తో చేసే లెక్కే. నురుగు గ్యాస్ దారినే మారుస్తుంది, నీటి రెలెటివ్ పర్మియబిలిటీ (గ్యాస్ కూడా ఉన్నప్పుడు నీటికి మిగిలే దారి వాటా) గీతను మార్చదు. కాబట్టి ప్రెషర్ శిఖరానికి చేరే చోట డార్సీ సూత్రాన్ని (రాయిలో ప్రవాహ వేగానికీ ప్రెషర్ తేడాకూ ఉన్న లంకె) నీటికి ఒక్కదానికే రాయండి. ఉదాహరణకు 1 డార్సీ పర్మియబిలిటీ (ద్రవాన్ని పారనిచ్చే గుణం) ఉన్న కోర్ (ల్యాబ్‌లో వాడే రాతి కడ్డీ), రోజుకు 1 మీటరు మొత్తం వేగం, అందులో 70 శాతం గ్యాస్, మీటరుకు 20 బార్ ప్రెషర్ అనుకుందాం. నీటి రెలెటివ్ పర్మియబిలిటీ సుమారు 0.0017 వస్తుంది. గీత మీద ఆ విలువ ఏ శాచురేషన్ దగ్గరుందో అదే మీ ఎఫ్‌ఎండ్రై. మోడల్ ప్రెషర్ ల్యాబ్ కన్నా ఎక్కువొస్తే దాన్ని కాస్త పెంచండి, తక్కువొస్తే తగ్గించండి.

0.0017 అంటే గీత తోక చివర. ల్యాబ్‌లో కొలవడం కష్టమైన భాగం అదే. చాలామంది బెంథైమర్ ఇసుకరాయి గీతను అచ్చయిన పేపర్లలోంచి తెచ్చుకుని, తోకను కోరే (Corey) అనే ఘాతాంక సూత్రంతో సాగదీస్తారు. ఆ ఘాతాంకం తప్పితే ఎఫ్‌ఎండ్రై కూడా తప్పినట్టే. (తిరుమల ఘాట్ రోడ్డు పక్క రాయి తెచ్చి కోర్ చేసుకోవచ్చా అని ఒకరడిగారు. అది క్వార్ట్‌జైట్, రంధ్రాలు సిలికాతో పూడిపోయి ఉంటాయి. నురుగు సంగతి తర్వాత, నీళ్లే సరిగ్గా దూరవు.)

సమస్య: సర్ఫాక్టెంట్ తర్వాత గ్యాస్ పంపితే బావి దగ్గర ప్రెషర్ దిగిరాదు

బావి చుట్టూ రాయి ఎండాలి, నురుగు చావాలి, గ్యాస్ సులువుగా పోవాలి. మోడల్‌లో అలా జరగకపోవడానికి కారణం నురుగు ఎండడాన్ని లెక్కించే ఆర్క్‌టాన్ ఫంక్షన్ (నిండు నురుగుకు 1, నురుగు చస్తే 0 రావాలి): అది సున్నాకు ఎప్పటికీ చేరదు. ఎఫ్‌ఎంమాబ్ 50,000, ఈపీడ్రై 500 పెట్టి, శాచురేషన్ ఎఫ్‌ఎండ్రై కన్నా 0.1 కిందికి దిగిందనుకోండి. ఫంక్షన్ విలువ 0.0064. చిన్నదే అనిపిస్తుంది, కానీ గ్యాస్ మొబిలిటీ (కదిలే సులువు) ఇంకా 300 రెట్లకు పైగా తగ్గే ఉంటుంది! ఈపీడ్రైని 20,000 చేస్తే అక్కడే అది దాదాపు 9 రెట్లకు పడిపోతుంది. లేదా నిజంగా సున్నాకు చేరే సరళరేఖ ఫంక్షన్ వాడండి. నా మట్టుకు రెండోదే మేలు.

మోడల్‌లో బావి ఉన్న గడి (గ్రిడ్ ముక్క) పెద్దదైనా ఇదే లక్షణం కనిపిస్తుంది: గడి మొత్తం సగటు తీసుకుంటుంది కాబట్టి బావిని ఆనుకుని ఎండిన రాయి మోడల్‌కు కనబడదు. అక్కడ గడులు చిన్నవి చేసి చూడండి.

సమస్య: టైమ్‌స్టెప్ కుంచించుకుపోయి రన్ నిలిచిపోతుంది, ప్రెషర్ రంపపు పళ్లలా ఊగుతుంది

ఈపీడ్రై 20,000 దగ్గర శాచురేషన్ 0.002 మారితే చాలు, ఫంక్షన్ 0.02 నుంచి 0.98కి ఎగురుతుంది. సాల్వర్ తట్టుకోలేదు. ఈపీడ్రై తగ్గిస్తే రన్ నడుస్తుంది, కానీ పై సమస్య మళ్లీ మొదలు. ముందు గడుల సైజు సగం చేయండి. ఊగడమూ దాంతోపాటు మారితే అది గ్రిడ్ చేసే అల్లరి, రాయిలో జరిగేది కాదు. ఒక డైమెన్షన్‌లో బక్లీ-లెవరెట్ లెక్కతో (గడులు లేకుండా చేసే గణిత పరిష్కారం) పోల్చుకుంటే నిజమైన ప్రెషర్ ఎంతో తెలిసిపోతుంది.

సమస్య: కోర్‌లో చమురుంటే ల్యాబ్ నురుగు చచ్చిపోతుంది, మోడల్‌లో బతికే ఉంటుంది

నురుగు మీద చమురు ప్రభావాన్ని లెక్కించే ఫంక్షన్ ఆన్ చేశారా? ఎఫ్‌ఎంఆయిల్ హద్దు (నురుగును చంపే చమురు శాచురేషన్) చూడండి. సర్ఫాక్టెంట్ అధిశోషణ (రాయికి అంటుకుపోవడం) కూడా సున్నా మీదే వదిలేసి ఉంటారు.

సమస్య: కోర్ మొదట్లోనే మోడల్‌లో గట్టి నురుగు, ల్యాబ్‌లో కాస్త లోపలికి వెళ్లాకే

ఇది ఈ మోడల్‌తో తీరదు. గ్యాస్, నీరు, సర్ఫాక్టెంట్ కలిస్తే నురుగు అప్పటికప్పుడే సిద్ధమని దాని లెక్క. ఆ కొద్ది సెంటీమీటర్లే మీ పరిశోధన అయితే బుడగల పుట్టుక-చావుల్ని లెక్కించే పాపులేషన్ బ్యాలెన్స్ మోడల్‌కు మారాలి. ఫీల్డ్ స్థాయి పనైతే ఆ తేడాను పట్టించుకోకండి.