రక్షణ నిశ్చయత కోసం ఎక్కడ చూడాలి?

క్రీస్తు ద్వారా పాపం నుంచి కలిగే విడుదలే రక్షణ. రక్షణ భద్రత వేరు, రక్షణ నిశ్చయత వేరు. విశ్వాసిని క్రీస్తు పట్టుకొని ఉండటం భద్రత. ఆ సంగతి విశ్వాసికి రూఢిగా తెలిసి ఉండటం నిశ్చయత. రెండోది సన్నగిల్లినంత మాత్రాన మొదటిది పోదు. నిజమైన విశ్వాసి సైతం నిశ్చయత కోసం చాలాకాలం ఎదురుచూడవలసి రావచ్చని 1646లో రూపొందిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణమే ఒప్పుకుంది.

సందేహం కలిగినప్పుడు మనసును తవ్వుకోవడం ఆపి, ముందు యోహాను మొదటి పత్రిక 5:13 తీయండి. ‘నిత్యజీవముగలవారని తెలిసికొనునట్లు’ వ్రాస్తున్నానంటాడు అపొస్తలుడు. ‘తెలిసికొనునట్లు’ అన్న ఆ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగండి. ఆ తర్వాత ఎఫెసీ 1:14 చూడండి. అక్కడ పరిశుద్ధాత్మను ‘సంచకరువు’ అన్నారు. అంటే బేరం కుదిరాక కొనేవాడు ముందుగా ముట్టజెప్పే బయానా. బయానా ఇచ్చినవాడు దేవుడు గనుక, మిగిలినది ఇచ్చే బాధ్యత కూడా ఆయనదే.

వాగ్దానం మీద నిలబడ్డాకే ఫలాల వైపు చూడాలి: ఆజ్ఞలను గైకొనాలన్న కోరిక (1 యోహాను 2:3), సహోదరుల మీద ప్రేమ (1 యోహాను 3:14). ఈ వరుస తిరగబడితే మన రక్షణ గురించి రోజుకొక తీర్పు వస్తుంది. అయితే ఎప్పుడో ఒక కూటంలో క్రీస్తును నమ్ముతున్నానని చెయ్యెత్తి, ఆనాటి నుంచి పాపంలోనే నిశ్చింతగా బతుకుతున్నవారికి నిశ్చయత పంచిపెట్టడం మేలు కాదని నా అభిప్రాయం; అలాంటివారు 2 కొరింథీ 13:5 చదివి తమను తాము శోధించుకోవాలి.

పాపంలో పడిపోయినవారు 1 యోహాను 1:9 ప్రకారం తమ పాపాలను ఒప్పుకోవాలి. దావీదు 51వ కీర్తనలో మరల పుట్టించమని వేడుకున్నది రక్షణను కాదు, రక్షణానందాన్ని అన్నది గమనించదగినది.

తొలగిపోయినవారిని తిరిగి మారుమనస్సుకు తేవడం అసాధ్యమని చెప్పే హెబ్రీ 6:4–6 దగ్గర సంఘాలు ఏకాభిప్రాయానికి రాలేదు. విశ్వాసి తొలగిపోగలడా అన్న ప్రశ్నను 1610లో డచ్ వేదాంతి ఆర్మీనియస్ అనుచరులు ఇంకా పరిశీలించాలని వదిలిపెట్టగా, 1618–19లో నెదర్లాండ్స్‌లో జరిగిన డార్ట్ సంఘ మహాసభ దేవుడు తనవారిని చివరివరకు కాపాడుతాడని తీర్మానించింది. కాబట్టి ఆ వచనాలను ఒంటరిగా పట్టుకొని కుమిలిపోకుండా, సంఘ పెద్దతో కలిసి, కనీసం 12వ వచనం వరకు చదవండి. తొమ్మిదో వచనంలోనే స్వరం మారుతుంది.

తనను రక్షించమని క్రీస్తును వేడుకునే రక్షణ ప్రార్థననే రోజుకు పదులసార్లు తిరిగి చేస్తూ, నిద్ర కూడా కరవైతే, కాపరితో పాటు వైద్యుడిని కూడా కలవండి.