అరబ్ నిరసనలపై సెమినార్ పేపర్ రాసే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం డిగ్రీ కాలేజీల్లో 2010–11 అరబ్ దేశాల నిరసనల అంశం తీసుకున్నవాళ్ళు ఎక్కువగా ‘ఫేస్‌బుక్ విప్లవం’ అని మొదలుపెడతారు. ఆ మాట పక్కన పెట్టి ముందు తేదీలు వేసుకోండి.

తెల్లకాగితం అడ్డంగా పెట్టి నాలుగు గడులు గీయండి: తేదీ, ఊరు, ముందు నిలబడినవాళ్ళు, కబురు చేరిన దారి. 2010 డిసెంబరు 17న ట్యునీసియాలోని సిదీ బూజిద్ ఊళ్ళో వీధి వ్యాపారి బువాజీజీ ఒంటికి నిప్పంటించుకున్నాడు. 2011 జనవరి 14న ఆ దేశాధ్యక్షుడు బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. జనవరి 18న ఈజిప్టు రాజధాని కైరోలో, తహ్రీర్ కూడలికి రమ్మని జనాన్ని పిలుస్తూ అస్మా మహఫూజ్ అనే యువతి పెట్టిన వీడియో, 25న తహ్రీర్‌లో జనం, ఫిబ్రవరి 11న ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ దిగిపోవడం.

నాలుగో గడి దగ్గరే అసలు పని. ఈజిప్టులో జనవరి 27 అర్ధరాత్రి వేళ ఇంటర్నెట్ తెంచేశారు. ఫిబ్రవరి 2 దాకా తిరిగి రాలేదు. అయినా 28 శుక్రవారం నమాజు అయ్యాక జనం పోటెత్తారు. ఆ రోజు కబురు మసీదులో, వీధిలో, శాటిలైట్ టీవీలో నడిచింది. ఇది రాయని పేపరు వైవాలో నిలబడదు.

మహిళల భాగాన్ని 2011తో మొదలుపెట్టకండి. 2006 డిసెంబరులో ఈజిప్టులోని మహల్లా ఊరి బట్టల మిల్లులో ముందు పని ఆపింది ఆడ కార్మికులే. మగవాళ్ళేరీ అని అరుస్తూ వాళ్ళనీ బయటికి రప్పించారు. 2008లో ఏప్రిల్ 6 యువజన ఉద్యమం ఆ ఊరి కార్మికుల సమ్మెకు మద్దతుగానే ఫేస్‌బుక్‌లో పుట్టింది. అస్మా అందులోంచి వచ్చిన మనిషే. మిల్లు, గ్రూపు, వీడియో: ఈ వరుసకు ఒక పేజీ పూర్తిగా ఇవ్వండి. యెమెన్ నిరసనల్లో ముందు నిలిచిన తవక్కుల్ కర్మాన్‌కు ఒక పేరా చాలు. సూడాన్ నిరసనల్లో ‘అలా సలాహ్’ అనే యువతి ఫొటో 2019 ఏప్రిల్‌ది, 2011 పక్కన అతికించకండి. ఇరాన్ అరబ్ దేశం కాదు, దాన్ని ఇందులో కలపకండి.

యువత లెక్కలో పొరపాటంతా భాగహారంలోనే. వందమందిలో 35 మంది పదిహేనేళ్ళలోపు పిల్లలు, 30 మంది 15–29 వయసువాళ్ళు అనుకోండి. మొత్తం మీద యువత 30 శాతం. పిల్లల్ని తీసేస్తే 65 మందిలో 30, అంటే 46 శాతం. ఏ లెక్క వాడారో పట్టిక కింద రాయండి, రెండూ కలిపి వాడొద్దు. యువత ఎక్కువుంటే తిరుగుబాటు వస్తుందని తేల్చేయకండి. చదువుకుని ఉద్యోగం లేనివాళ్ళ లెక్క పక్కనే ఉండాలి.

మన జిల్లాతో పోలిక అడిగితే శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల (చిత్తడి నేల) పోరాటం తీసుకోండి. అక్కడ థర్మల్ ప్లాంటు వద్దంటూ సాగిన ఆ పోరాటంలో 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అవే నాలుగు గడులు గీయండి. నాలుగోది మాత్రం ఆ ఊళ్ళ ఆడవాళ్ళనే అడిగి నింపాలి. ఫోన్‌లో రికార్డు చేసే ముందు ఒప్పుకుంటారా అని అడగండి, పేర్లు పేపర్లో వేయకండి.