అతుకు పడ్డ కుండీలో బోన్సాయ్ – 4వ పాఠం: చెట్టును దించడం, అతుకును తిప్పడం

మూడో పాఠం చివర, పగిలి అతికించిన కుండీని ఆరబెట్టి పక్కన పెట్టాం. ముక్కలు అతుక్కున్నాయి, గీత మీద బంగారు పొడి నిలిచింది. ఇక చెట్టును ఎక్కించేయడమే అనిపిస్తుంది కానీ, ఇంకొన్నాళ్లు ఆగాలి. ఉరుషితో, అంటే జపాను లక్కచెట్టు పాలతో అతికిన కుండీకి కనీసం నెల, ఎపాక్సీ జిగురుతో అతికినదానికి కనీసం వారం గడువివ్వండి. ఉరుషి ‘ఎండటం’ అనేది మాటవరసకే. అది గాలిలోని తేమ ఉంటేనే గట్టిపడుతుంది. 70 నుంచి 85 శాతం తేమ, 20 నుంచి 28 డిగ్రీల వెచ్చదనం దానికి సరిపడే వాతావరణం. పొడిగా ఉన్న గదిలో పెడితే పైకి బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం మెత్తగానే ఉండిపోతుంది. ముట్టుకుంటే అంటుకోవడం లేదంటే పై పొర గట్టిపడిందని మాత్రమే అర్థం.

ఈ పాఠం మొత్తం ఒక మాట మీద నడుస్తుంది. అతుకు పడ్డ కుండీ చెట్టును చూపించడానికే, పెంచడానికి కాదు. ఏడాది పొడుగునా చెట్టు తన మామూలు కుండీలో పెరుగుతుంది, ప్రదర్శన ఉన్న కొద్ది రోజులు ఇందులోకి వచ్చి వెళుతుంది. ఇదేమీ కొత్త పద్ధతి కాదు. జపానులో 1934 నుంచి జరుగుతున్న కొకుఫు బోన్సాయ్ ప్రదర్శనకు వచ్చే చెట్లను కూడా ముందుగా మంచి కుండీల్లోకి మార్చడం మామూలే.

బరువు పరీక్ష

30 సెంటీమీటర్ల పొడవు, 22 వెడల్పు, 7 ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రపు కుండీని తీసుకుందాం. గోడల మందం పోగా లోపల సుమారు 2.8 లీటర్ల చోటు ఉంటుంది. అందులో తడిసిన బోన్సాయ్ మట్టి మూడు కిలోల పైచిలుకు తూగుతుంది. తడి ఇసుకైతే దాదాపు అయిదున్నర కిలోలు. అందుకే పరీక్షకు ఇసుకే వాడాలి. దాన్ని తట్టుకున్న అతుకుకు మట్టి బరువు ఒక లెక్క కాదు.

ముందు ఖాళీ కుండీని అరచేతిలో పెట్టుకుని వేలి కణుపుతో తట్టి వినండి. అతికిన కుండీ పగలని కుండీలా ఖంగుమనదు, అలా మోగాలని ఎదురుచూడకండి. ఇప్పుడు వినిపించిన శబ్దాన్ని గుర్తుంచుకుంటే చాలు. వీలైతే ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి. తర్వాత తడి ఇసుక నింపి, కింద పాత కాగితం పరిచి మూడు రోజులు కదపకుండా ఉంచండి. అడుగు రంధ్రాల నుంచి నీరు కారడం సహజం. అతుకు వెంబడి గోడ బయటివైపు తేమ గీత కనిపిస్తే మాత్రం లోపల దారి తెరుచుకుని ఉన్నట్టే. ఇసుక తీసేసి, ఆరనిచ్చి, మళ్లీ తట్టండి. మునుపటికన్నా మొద్దుగా ‘టప్’మంటే ఎక్కడో అతుకు విడుతోందన్నమాట. ఆ కుండీ మళ్లీ రెండో పాఠానికి పోవాలి.

నీరు లోపలినుంచి ఎందుకు వస్తుందో తెలిస్తే సగం సమస్య తీరినట్టే. బోన్సాయ్ కుండీలకు బయట గ్లేజు, అంటే గాజులాంటి నున్నటి పూత ఉన్నా లోపలివైపు సాధారణంగా వేయరు. నీరు నేరుగా మట్టి గోడలోకి ఇంకి, అతుకును వెనకనుంచి తడుపుతుంది. పైనున్న బంగారు గీత చెక్కుచెదరకుండా ఉండగానే దాని వెనక జిగురు పట్టు వదిలేస్తుంది. కాబట్టి లోపలివైపు అతుకుకు అటూ ఇటూ సెంటీమీటరు వెడల్పున ఎపాక్సీ గానీ ఉరుషి గానీ రెండు పూతలు వేయండి. ఇది ఎవరి కంటికీ కనిపించని పని, అందుకే చాలామంది ఎగ్గొట్టే పని కూడా.

అంచు మీద పెచ్చు లేచి అతికినదైతే భయం లేదు. గోడలో నిలువు పగులైనా ఫర్వాలేదు. పగులు అడుగు భాగంలో ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రం దాకా వెళితే ఆ కుండీలో చిన్న చెట్టునే పెట్టండి, రెండు చేతులూ అడుగున వేసే ఎత్తండి. అంచు పట్టుకుని ఎత్తే అలవాటు ఉంటే ఇక్కడ మానుకోక తప్పదు.

తీగ ఎటు లాగుతుందో చూడండి

చెట్టు కదలకుండా అడుగు రంధ్రాల గుండా తీగ వేసి వేర్ల ముద్దను బిగిస్తాం కదా. పగులుకు చెరో వైపు ఉన్న రంధ్రాల గుండా ఒకే తీగ వేసి మెలితిప్పితే ఆ లాగుడంతా అతుకు మీదే పడుతుంది. రెండు కొసలూ పగులుకు ఒకే వైపున ఉండాలి. అలా కుదరకపోతే, అడుగు కింద రెండు రంధ్రాలకూ అడ్డంగా 3 మిల్లీమీటర్ల అల్యూమినియం కడ్డీ ముక్క పెట్టి తీగను దాని చుట్టూ తిప్పండి. అప్పుడు లాగుడు ఒక చోట కోయకుండా అడుగంతా పరుచుకుంటుంది. కడ్డీ కుండీ కాళ్లకన్నా కిందికి దిగకూడదు. బిగించేటప్పుడు కూడా చెట్టు ఊగడం ఆగిన దగ్గరే ఆగిపోండి. ఇంకో అర మెలిక కోసం ఆశపడటం వల్లే కుండీలు రెండోసారి పగులుతాయి.

చెట్టును వేర్లు కత్తిరించకుండా, ముద్దను ఉన్నదున్నట్టుగా ఇందులోకి దించాలి. ముద్దకూ గోడకూ మధ్య చుట్టూ సెంటీమీటరు ఖాళీ ఉండాలి. అందులో పొడి మట్టి పోసి పుల్లతో మెల్లగా కదిపితే చాలు. గట్టిగా కూరితే ఆ ఒత్తిడి గోడల మీదికి పోతుంది, అతుకు అంచు దగ్గర ముందు విడిపోతుంది. వేర్లు కుండీ నిండా బిగిసిపోయిన చెట్టును ఈ పనికి ఎంచుకోవద్దు.

అతుకు ఎటు చూడాలి

చెట్టుకు ముఖం, అంటే చూసేవాళ్ల వైపు ఉంచే వైపు, ఒకటే. దీర్ఘచతురస్రపు, కోలగా ఉన్న కుండీలకు రెండు ముఖాలు, గుండ్రటిదానికి ఎన్నయినా. అంటే నిర్ణయం చెట్టుది, తిరగాల్సింది కుండీ. కుండీ మీద గీత అందంగా వచ్చింది కదా అని చెట్టును దానికోసం తిప్పితే కొమ్మలు వెనక్కి పోయి మోడు ముందుకొస్తుంది.

మొదటి జాగ్రత్త. అంచు నుంచి దిగే గీత సరిగ్గా కాండం మొదలు కింద పడకూడదు. కాండం, గీత ఒకే వరసలోకి వస్తే చూపు కొమ్మల మీద నిలవకుండా జారుడుబల్ల మీద దిగినట్టు నేరుగా కిందికి వచ్చేస్తుంది. పైగా చెట్టే కుండీని చీల్చిందన్న భ్రమ కలుగుతుంది. గీతను కుండీ పొడవులో మూడోవంతు దగ్గరికి జరపండి. మూలకు మరీ దగ్గరైతే పొరపాటున తగిలిన దెబ్బలా కనిపిస్తుంది.

ఎడమా కుడా అన్నది చెట్టు వాలును బట్టి ఉంటుంది. చెట్టు కుడికి వాలితే ఎడమవైపు కాస్త ఖాళీ మిగులుతుంది. గీతను ఆ ఖాళీ కింద పెడితే త్రాసులో రెండో తక్కెడలా బరువు సరిపోతుంది. వాలు వైపే పెడితే చెట్టు ఊపు పెరుగుతుంది. గాలికి వంగినట్టు పెంచిన చెట్లకు ఇది నప్పవచ్చు, తక్కినవాటికి పడిపోతున్న భావన కలిగిస్తుంది. నిటారు చెట్టుకైతే మొదటి పెద్ద కొమ్మ లేని వైపు పెట్టడం మేలు.

ఒక అమరికను దగ్గరగా చూద్దాం. ఆకులు రాలిన ట్రైడెంట్ మేపుల్, ఎత్తు 38 సెంటీమీటర్లు, కొద్దిగా కుడికి వాలిన కాండం. లేత నీలం గ్లేజుతో కోలగా ఉన్న కుండీ పొడవు 26, అంటే చెట్టు ఎత్తులో ఇంచుమించు మూడింట రెండు వంతులు. ఎడమ నుంచి మూడోవంతు దగ్గర అంచు మీద మొదలైన సన్నటి వెండి గీత సగం దాకా ఒంటరిగా దిగి, అక్కడ రెండుగా చీలి కాళ్ల వైపు పోతుంది. పైన కొమ్మల చివర్లు ఎలా చీలాయో కింద గీత కూడా అలాగే తలకిందులుగా చీలింది. చూసేవాళ్లకు మొదట చెట్టే కనిపిస్తుంది, తర్వాత పోలిక తడుతుంది. అక్కడే బంగారం వేసి ఉంటే వరస తిరగబడేది. వెండి నల్లబడేకొద్దీ మోడు కొమ్మల రంగుకు దగ్గరవుతుంది కాబట్టి దాన్ని తళతళలాడేలా తోమాలనుకోవద్దు.

బంగారం గ్లేజు లేని ముదురు గోధుమ రంగు కుండీ మీద బాగా పలుకుతుంది. బెరడు పెట్లిన పాత పైన్‌కూ, జునిపర్‌కూ అది తగిన జోడీ. గీత వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటకూడదు. మూడు దాటితే పగులు కాస్తా నగ అయిపోతుంది. ఇత్తడి పొడి మొదటి రోజున బంగారంలాగే ఉంటుంది. తేమ తగిలాక ఆకుపచ్చగా మారుతుంది, మచ్చలు పడుతుంది. నీళ్లు పోయక తప్పని కుండీకి అది పనికిరాదు.

లోహపు కుట్లతో కలిపిన కుండీలైతే లెక్క వేరు. టోక్యో జాతీయ మ్యూజియంలో ‘బకోహన్’ అనే చైనా పచ్చగ్లేజు టీ గిన్నె ఉంది, 13వ శతాబ్దం నాటిది. పగులు మీద వేసిన కుట్లు పెద్ద మిడతల్లా ఉన్నాయని ఆ పేరు వచ్చింది. కుట్లు వేసిన కుండీని వాటిని దాచుతూ తిప్పితే అర్థం లేదు. ముందుకే పెట్టండి, కాకపోతే మొరటు కాండం ఉన్న చెట్టుకే ఇవ్వండి.

పీట, వెలుతురు

పీట కుండీకన్నా కాస్త పెద్దదిగా, ముదురు రంగులో, చెక్కడాలు లేకుండా ఉండాలి. కుండీ కాళ్లలో ఒకటి అతికినదైతే ముందు గాజు పలక మీద పెట్టి ఊగుతుందేమో చూడండి. ఊగితే ఆ కాలి కింద మిల్లీమీటరు మందం కార్కు ముక్క అంటించండి. పక్కన పెట్టే చిన్న గడ్డి మొక్క కుండీ పగలనిదై ఉండాలి. ఒక అమరికలో ఒక అతుకే ఉండాలి.

దీపం ఎదురుగా పైనుంచి పడితే బంగారు గీత మెరిసి కళ్లలో పొడుస్తుంది. పక్కనుంచి, మెత్తగా పడనివ్వండి. చూసేవాళ్లు కూర్చుని చూస్తారా, నిలబడి చూస్తారా అన్నది తెలుసుకుని, ఆ ఎత్తునుంచే సరిచూడండి.

ప్రదర్శన రోజుల్లో

కుండీని నీళ్లలో ముంచవద్దు, పైనుంచే పోయండి. వాననీరు గానీ శుద్ధి చేసిన నీరు గానీ వాడితే గీత మీద తెల్లటి ఉప్పు పేరుకోదు. పేరుకుంటే వెనిగర్ జోలికి పోకుండా, తడి దూదితో నానబెట్టి మెల్లగా అద్దండి. పొడి వస్త్రంతో రుద్దితే ఉప్పు పలుకులే ఇసుక కాగితంలా పనిచేసి బంగారాన్ని గీకేస్తాయి. కుండీకి నూనె పట్టించి మెరిపించే అలవాటున్నవాళ్లు గీత మీద మాత్రం వేయకూడదు. నాచును అంచుకు అర సెంటీమీటరు కిందే ఆపాలి. అంచెక్కిన నాచు నీటిని గీత మీదికి మోసుకొస్తుంది.

ఎండలో ఉంచితే ఉరుషి మెరుపు పోతుంది, ఎపాక్సీ పసుపెక్కి, వేడికి మెత్తబడుతుంది. చలి ప్రాంతాల్లో రాత్రి బయట వదిలేస్తే మట్టిలోని నీరు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బుతుంది, గోడలను బయటికి తోస్తుంది. బయట పెరిగే చెట్టును గదిలో ఎటూ మూడు రోజులకు మించి ఉంచకూడదు కాబట్టి, నాలుగో రోజున చెట్టును మామూలు కుండీకి మార్చి, ఖాళీ కుండీని కడిగి నీడలో ఆరబెట్టండి. అప్పుడు మరోసారి తట్టి వినండి.

అభ్యాసం

చెట్టును దించకముందే ఖాళీ కుండీ వెనక చెట్టును పాత కుండీతో సహా నిలబెట్టి, కుండీని నాలుగైదు రకాలుగా తిప్పి ఒక్కోదానికి ఒక్కో ఫోటో తీయండి. రంగులు తీసేసి నలుపు తెలుపులో చూడండి. కళ్లు సగం మూసి చూసినప్పుడు చెట్టుకన్నా ముందు గీత కనిపించిన ఫోటోలను పక్కన పెట్టేయండి. మిగిలినవాటిలో ఒకటి ఎంచుకుని, అది ఎందుకో రెండు వాక్యాల్లో రాసి ఉంచండి. వచ్చే పాఠంలో ముక్క దొరకని కుండీని తీసుకుంటాం, ఖాళీ చోట వేరే కుండీ ముక్కను అమర్చే యోబిత్సుగి పద్ధతి నేర్చుకుంటాం. అందుకోసం 5 నుంచి 7 మిల్లీమీటర్ల మందం ఉన్న, వేరే రంగు గ్లేజు పెంకులు ఇప్పటినుంచే ఏరి పెట్టుకోండి.