ప్లేలిస్టులో ఉన్న వీడియో వెతికితే దొరకడం లేదా?

యూట్యూబ్ ప్లేలిస్టుల్లో వెతకడానికి, వాటిని సర్దుకోవడానికి బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) వేసుకున్నారు. బాగానే పనిచేసింది. ఒకరోజు ఉన్న వీడియో కూడా లేదంటుంది, లేదా పెట్టిన లేబుళ్లన్నీ మాయమవుతాయి. అప్పుడు అందరికీ వచ్చే మొదటి ఆలోచన, తీసేసి మళ్లీ వేద్దామని. దయచేసి ఆ పని చేయకండి. ఎందుకో కింద చెబుతాను.

ముందు మీ ఎక్స్‌టెన్షన్ ఏ రకమో తేల్చుకోండి. కొన్ని తెర మీద కనిపిస్తున్న పేజీనే చదువుతాయి. ఇంకొన్ని గూగుల్ లాగిన్ అడిగి, యూట్యూబ్ ఏపీఐ (వేరే ప్రోగ్రాములు యూట్యూబ్‌ను సమాచారం అడిగే దారి) నుంచి జాబితా తెచ్చుకుంటాయి. వేసుకున్నప్పుడు గూగుల్ ఖాతాకు అనుమతి అడిగిందంటే చాలావరకు రెండో రకమే. జబ్బు ఒకటే అనిపించినా, రకాన్ని బట్టి మందు మారుతుంది.

మొదట్లో ఉన్నవి దొరుకుతున్నాయి, కిందవి దొరకడం లేదు

ఇది మొదటి రకంలో వచ్చే తంటా. ప్లేలిస్టులో 1,200 వీడియోలున్నా పేజీ తెరవగానే వచ్చేవి 100. కిందికి జరిపితేనే ఇంకో వంద వస్తాయి. పేజీలోకి రానిదాన్ని ఎక్స్‌టెన్షన్ చూడలేదు. ఎండ్ బటన్ నొక్కుతూ అడుగు దాకా వెళ్లి, అప్పుడు వెతకండి. అలా చేశాక కంట్రోల్ ఎఫ్‌కు దొరికి, ఎక్స్‌టెన్షన్‌కు దొరకకపోతే అది పాత జాబితానే పట్టుకుని కూర్చుందన్నమాట. జాబితాను మళ్లీ చదివించే రీస్కాన్ లాంటి బటన్ ఉంటే నొక్కండి.

తెలుగు పేరు కళ్లముందే ఉంది, వెతికితే సున్నా

నాకు బాగా చిరాకు తెప్పించింది ఇదే. పార్ట్ అని కొడితే ఏమీ రాదు, అదే మాట పేజీలో కనిపిస్తూనే ఉంటుంది. కారణం కంటికి కనిపించని ఒక అక్షరం. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పొల్లు పక్క హల్లుతో కలిసిపోకుండా జడ్‌డబ్ల్యుఎన్‌జే అనే గుర్తు పెడతాం. కొందరి టైపింగ్‌లో అది మాట చివరి పొల్లు తర్వాత కూడా పడుతుంది. చూడ్డానికి తేడా ఉండదు, కంప్యూటర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. మంచి ఎక్స్‌టెన్షన్ ఆ గుర్తును పక్కన పెట్టి పోలుస్తుంది. చాలావి ఆ పని చేయవు.

ఉపాయం ఏమిటంటే, పొల్లు దగ్గరికి వెళ్లకుండా ముందు ముక్కతోనే వెతకండి. పార్ట్ బదులు "పా" అని కొట్టి, దాని పక్కన శీర్షికలోని ఇంకో మాట కలపండి. లేదా పేజీలో ఉన్న మాటనే కాపీ చేసి అతికించండి.

శీర్షిక ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటే ఇంకో గొడవ. త్యాగరాజ అని రాసేటప్పుడు ఒకరు టీ తర్వాత హెచ్ పెడతారు, ఒకరు పెట్టరు, ఇంకొకరు వై బదులు ఐ రాస్తారు. నేను ఆ పేరంతా కొట్టడం మానేశాను. "గరాజ" అనే తోక మాత్రం ఇంగ్లిషులో కొడతాను, మూడు రకాలూ వచ్చేస్తాయి.

వాచ్ లేటర్ ఖాళీగా చూపిస్తోంది

లాగిన్ అడిగే రకమైతే ఇది ఎక్స్‌టెన్షన్ తప్పు కాదు. వాచ్ లేటర్ జాబితాను యూట్యూబ్ 2016 నుంచి ఏపీఐ ద్వారా ఇవ్వడం లేదు. అందులోవి మామూలు ప్లేలిస్టులోకి మార్చుకోండి, లేదంటే పేజీ చదివే రకం వాడండి.

వీడియోలు మారుస్తుంటే సగంలో ఆగిపోయింది

ఏపీఐకి రోజువారీ కోటా ఉంటుంది. విడిగా పెంచమని అడగకపోతే అది రోజుకు 10,000 యూనిట్లు. జాబితా చదవడానికి ఒకసారికి 1 యూనిట్టే, 50 వీడియోల దాకా వస్తాయి. కానీ ప్లేలిస్టులో ఒక వీడియో చేర్చాలంటే 50, తీసేయాలంటే మరో 50. అంటే ఒక వీడియో ఇక్కడి నుంచి అక్కడికి మారితే వంద ఖర్చు. పైగా ఆ కోటా మీ ఒక్కరిది కాదు, సాధారణంగా ఆ ఎక్స్‌టెన్షన్ వాడేవాళ్లందరిదీ కలిపి. అది మళ్లీ నిండేది అమెరికా పశ్చిమ తీరంలో అర్ధరాత్రికి, మనకు మధ్యాహ్నం పన్నెండున్నర. అక్కడి చలికాలంలో ఒకటిన్నర. ఒంటిగంట భోజనం అయ్యాక మొదలుపెడితే పని జరిగే అవకాశం ఎక్కువ.

ఒక ఎక్స్‌టెన్షన్ ముందు తీసేసి తర్వాత చేర్చేది. మధ్యలో కోటా అయిపోయి నావి కొన్ని కచేరీలు రెండు చోట్లా లేకుండా పోయాయి. అప్పటి నుంచి ముందు కొత్త ప్లేలిస్టులోకి కాపీ చేసి, లెక్క సరిచూసుకున్నాకే పాతవి తీస్తున్నాను. ప్లేలిస్టుకు 5,000 వీడియోల హద్దు ఉంది, అదీ గుర్తుంచుకోండి.

అసలు ఎక్స్‌టెన్షన్ వెతుకు పెట్టె కనిపించడమే లేదు

యూట్యూబ్‌లో ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లినా బ్రౌజర్ లెక్కలో అది పూర్తిగా కొత్త పేజీ కాదు, అందుకే ఎక్స్‌టెన్షన్ మేలుకోదు. ఎఫ్5 నొక్కండి. కాకపోతే ఎక్స్‌టెన్షన్ వివరాల్లో సైట్ యాక్సెస్ చూడండి, "ఆన్ క్లిక్" అని ఉంటే యూట్యూబ్‌కు ఎప్పుడూ అనుమతి ఇవ్వండి. ఇన్‌కాగ్నిటోలో విడిగా అనుమతించాలి. ఇక మానిఫెస్ట్ వీ2 (ఎక్స్‌టెన్షన్లు రాసే పాత పద్ధతి) కాలం నాటి పాత ఎక్స్‌టెన్షన్ అయితే కొత్త క్రోమ్‌లో నడవదు, వేరేది చూసుకోవాలి.

లేబుళ్లు, ఫోల్డర్లు పోయాయి

ఇప్పుడు మొదట్లో చెప్పిన మాటకు వద్దాం. మీరు పెట్టిన లేబుళ్లు యూట్యూబ్‌లో ఉండవు, ఎక్కువగా మీ బ్రౌజర్‌లోనే ఉంటాయి. ఎక్స్‌టెన్షన్ తీసేస్తే వాటితోపాటు అవీ పోతాయి. ఖాతాతో సింక్ అయ్యే చోటు ఉన్నా అది దాదాపు 100 కేబీ, వేల వీడియోల లేబుళ్లకు చాలదు. కాబట్టి ఏ మరమ్మతుకైనా ముందు ఎక్స్‌పోర్ట్ బటన్ వెతికి ఫైలు దించుకోండి.

గూగుల్‌లో ఉన్న మన డేటాను దించుకునే గూగుల్ టేకౌట్‌లో ప్లేలిస్టులు సీఎస్‌వీగా (పట్టికలా తెరుచుకునే ఫైలుగా) వస్తాయి కదా అనుకోవచ్చు. అందులో ఉండేది వీడియో ఐడీ, చేర్చిన సమయం. పేరు ఉండదు. రేపు ఆ వీడియోను ఎవరైనా తొలగిస్తే మీ చేతిలో మిగిలేది పదకొండు అక్షరాల ఐడీ ఒక్కటే, అది ఎవరి కచేరీయో గుర్తు రాదు. శీర్షికలతో సహా దాచేది ఎక్స్‌టెన్షన్ ఇచ్చే ఫైలే. నేను నెలకోసారి దించుతాను.