మీ తెలివి గల్లీకి పనికొస్తోందో, గల్లీని ముంచుతోందో చూసుకోవడం ఎలా?

మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, అదీ సన్నధార. నాలుగేళ్ల కిందట అర హెచ్‌పీ మోటారు కొని నేరుగా నల్లా పైపుకే తగిలించాను. ఇరవై నిమిషాల్లో సంపు నిండిపోయేది, ఇంట్లో నా తెలివికి ఒకటే మెచ్చుకోళ్లు. వారం తిరక్కుండానే ఎదురింటి ఆంటీ ఖాళీ బిందె పట్టుకొచ్చి "మీ మోటారు ఆగాకే మాకు చుక్క పడుతోంది బాబూ" అన్నారు. ఆవిడా కొన్నారు, పక్కవాళ్లూ కొన్నారు, రెండు నెలల్లో పదకొండు మోటార్లు! మళ్లీ అందరికీ అదే సన్నధార. పైగా కరెంటు బిల్లు, లీకైన జాయింట్లలోంచి మురుగు లాగేసి నీళ్లలో వాసన.

కాబట్టి ఏదైనా ఉపాయం తట్టగానే మొదట వేసుకోవాల్సిన ప్రశ్న: గల్లీలో అందరూ ఇదే చేస్తే? మోటారు ఈ ప్రశ్న దగ్గరే ఫెయిల్. ఇంకుడు గుంత పాస్, ఎందుకంటే మా డాబా మీద పడ్డ వాన పక్కింటి బోరుకీ అందుతుంది, ఎంతమంది తవ్వితే అంత మేలు.

రెండోది, దీని నష్టం ఎవరి నెత్తిన పడుతుంది, ఎప్పుడు? 1921లో పెట్రోల్లో సీసం కలిపితే ఇంజన్ టకటకా కొట్టుకోదని కనిపెట్టిన అమెరికా ఇంజనీరు థామస్ మిడ్‌గ్లీ తెలివితక్కువవాడేం కాదు. కానీ సీసం విషం, ఆ పొగ లోకమంతా పీల్చింది, మన దేశంలో అది ఆగేసరికి 2000 వచ్చింది.

అదే 1908లో హైదరాబాద్‌ని ముంచిన మూసీ వరద తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య ఏం చేశారు? ఊళ్లో ఒక బస్తీకి గోడ కట్టి నీళ్లు పక్క బస్తీ మీదికి తోసేయలేదు, ఊరికి పైనే ఆపమన్నారు. అలా 1920లో గండిపేట చెరువు, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరద తగ్గింది, తాగడానికి నీళ్లూ దొరికాయి. (డబ్బు నిజాం సర్కారుది, రాళ్లు మోసింది కూలీలు. ఒక్క బుర్రకే దండ వేయకండి.)

ఇప్పటికే తప్పు చేసుంటే ముందు మీరే వెనక్కి తీసుకోండి. మిగతావాళ్లతో మాట్లాడటం ఆ తర్వాత. నేను మోటారు విప్పి, అందరికీ కనపడేలా గేటు బయట పెట్టి అప్పుడు ఆంటీ తలుపు కొట్టాను. ఒకే ఆదివారం పది తీయించాం. పదకొండో ఆయన ఇంకా నడుపుతున్నాడు, తెల్లారుజామున, శబ్దం రాకుండా పైన గోనెసంచి కప్పి.