పాత దోస్తులను ఫేస్‌బుక్‌లో పట్టుకుని విడిగా మెసేజ్ పెట్టడం ఎలా

మన పాలమూరు, నల్గొండ వైపు పదో తరగతి కలిసి చదివినవాళ్ళలో చాలామంది ఇప్పుడు పట్నంలోనో, ముంబైలోనో, గల్ఫ్‌లోనో ఉంటారు, పాత నంబర్లు పనిచేయవు. అలాంటివాళ్ళను వెతకాలంటే ఫేస్‌బుక్కే నయం.

పైన భూతద్దం గుర్తు నొక్కి పేరు కొట్టండి, వచ్చినవాటిలో పీపుల్ అన్నది ఎంచుకోండి. యాదయ్య అని కొడితే బోలెడుమంది యాదయ్యలు వస్తారు, మనవాడు మాత్రం కనిపించడు. ఇంగ్లిష్‌లో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాసుకుంటారు కదా, చివర ఐ ఏ హెచ్ పెట్టి చూడండి, డబుల్ వై పెట్టి చూడండి, తెలుగులోనూ కొట్టి చూడండి. ఊరి పేరూ అంతే, మహబూబ్‌నగర్‌కు హెచ్ తర్వాత ఏ పెట్టేవాళ్ళున్నారు, పెట్టనివాళ్ళున్నారు. అయినా దొరక్కపోతే, బ్యాచ్‌లో అందరితో కలుపుగోలుగా ఉండేవాడు ఒకడుంటాడు, వాడి ఫ్రెండ్స్ లిస్టు తెరవండి. అన్నిటికన్నా సులువైన దారి ఇదే.

ప్రొఫైల్ దొరికితే యాడ్ ఫ్రెండ్ నొక్కాలి. ఆ బటనే లేదంటే, తమ దోస్తులకు దోస్తులైనవాళ్ళు మాత్రమే రిక్వెస్ట్ పంపేలా వాళ్ళు సెట్టింగ్ పెట్టుకుని ఉండొచ్చు. మీ ఫొటో గుర్తుపట్టక అవతలివాళ్ళు రిక్వెస్ట్ డిలీట్ చేస్తే ఏడాది దాకా మళ్ళీ పంపలేరు, అందుకే రిక్వెస్ట్‌తో పాటే మెసేజ్ బటన్ నొక్కి మీరెవరో రాయండి. హాయ్ అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు, ముఖ్యంగా ఆడవాళ్ళకు రాసేటప్పుడు. "నమస్తే అక్కా, నేను దేవరకొండ హైస్కూల్‌లో మీ తమ్ముడి క్లాస్‌మేట్‌ను, వాడి కొత్త నంబర్ కావాలి" అంటే ఎవరికైనా ధైర్యంగా జవాబివ్వాలనిపిస్తుంది.

ఇంకా ఫ్రెండ్ కానివాళ్ళ మెసేజ్ మామూలు ఇన్‌బాక్స్‌లోకి రాదు, ఫేస్‌బుక్ మెసేజ్‌ల యాప్ మెసెంజర్‌లో మెసేజ్ రిక్వెస్ట్స్ అనే చోట పడి ఉంటుంది. మీరు కూడా ఇప్పుడే ఒకసారి అక్కడ చూడండి, ఎవరో ఎప్పటినుంచో ఎదురుచూస్తుండొచ్చు. తెరిచి చదివినా, మీరు ఒప్పుకునేదాకా వాళ్ళకు చదివినట్టు తెలియదు. ఇక మీరు పంపినదాని పక్కన ఖాళీ గుండ్రంలో టిక్కు ఉంటే వెళ్ళిందని, నిండిన గుండ్రంలో ఉంటే చేరిందని, వాళ్ళ చిన్న ఫొటో కనిపిస్తే చదివారని. చదివి జవాబివ్వకపోతే మళ్ళీ మళ్ళీ పంపి విసిగించకండి.

దయచేసి ఫోన్ నంబర్లు, పెళ్ళి సంబంధాల మాటలు, అప్పుల సంగతులు ఫొటో కింద కామెంట్లలో రాయకండి, అది ఊరంతా చదువుతుంది. అవి మెసెంజర్‌లోనే. పొరపాటున ఒకరికి పోయేది ఇంకొకరికి పోతే దాని మీద వేలు కాసేపు నొక్కి పట్టి అన్‌సెండ్ చేయొచ్చు, అయితే ఈలోపు వాళ్ళు చూసి ఉంటే చేసేదేం లేదు.

ఇప్పటికే ఫ్రెండ్‌గా ఉన్నవాళ్ళ పేరుతో, అదే ఫొటోతో మళ్ళీ రిక్వెస్ట్ వస్తే ఒప్పుకోకండి. ఒప్పుకోగానే "అర్జెంటు, ఫోన్‌పే చెయ్యి బావా" అని మొదలవుతుంది. ముందు అసలు మనిషికి ఫోన్ చేసి అడగండి, తర్వాత ఆ దొంగ ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కి రిపోర్ట్ కొట్టండి. డబ్బు పోయిందంటే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.